గరిటె యెవరి చేతిలో వుంది?

ప్రతి సెప్టెంబరులో సర్కారు పోషణ మాసం జరుపుతుంది. 2018 మార్చి 8న రాజస్థాన్‌లోని ఝుంఝునూలో ప్రధానమంత్రి పోషణ్ అభియాన్ మొదలుపెట్టిన యేడాది నుంచీ యిదొక ఆనవాయితీ. అంగన్‌వాడీ గోడలకు రంగుల బొమ్మలు అంటిస్తారు. ఆకుకూరలు తినండి, పండ్లు తినండి, పప్పులు తినండి, పాలు తాగండి అని మైకులో చెబుతారు. ర్యాలీ తీస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. ఆ మైకు ముందు కూర్చున్నది యెవరు? పొద్దంతా వేరేవాళ్ల చేలో వంగి కూరగాయలు తెంపి, పొద్దుగూకాక యింటికొచ్చి ఉల్లిగడ్డ కారంతో బువ్వ తినే మన అక్కలు. కూర పండించే చేతులకు కూర తినమని పాఠం! మనం తెలియక తినడం లేదా, దొరక్క తినడం లేదా?

సర్కారు తిండి పథకాలన్నీ దండగ అని మేం అనడం లేదు. వాడల్లో పుట్టి, మా యిళ్లలో మొదటిసారి డిగ్రీ కాగితం చూసి, పంతుళ్లమైన వాళ్లం మేం. రేషన్ బియ్యం, అంగన్‌వాడీ, బడి అన్నం లేకపోతే మన పిల్లల గతి యేమయ్యేదో మాకు తెలుసు. మేం అడిగేది వేరే. ఆ అన్నం వండే గరిటె యెవరి చేతిలో వుంది? ఆ కుండలో యేం వండాలో చెప్పేది యెవరు? పంక్తిలో యెవరి పక్కన యెవరు కూర్చుంటున్నారు? ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబు దొరికిన చోట పథకం కడుపు నింపింది. దొరకని చోట రిజిస్టరు నింపింది.

లెక్కలు చూద్దాం. యివి మనం రాసుకున్నవి కావు, సర్కారువే. 2019-21లో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. దేశంలో అయిదేళ్లలోపు పిల్లలు వందమందిలో 35 మందికి పైగా వయసుకు తగ్గ యెత్తు పెరగలేదు. షెడ్యూల్డ్ కులాల పిల్లల్లో ఆ లెక్క 39 దాకా పోయింది. తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలు వందకు 70 మందికి రక్తం తక్కువ. అంతకు ముందు 2015-16 సర్వేలో అది 60.7. అంటే తగ్గలేదు, పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 63.2. ఆడవాళ్లలో తెలంగాణలో వందకు 57.6 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మందికి రక్తహీనత. అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. యాభై యేండ్లు గడిచాయి. యాభై యేండ్ల పథకం ఫలం యిది.

ఈ దేశంలో కులం యెత్తులో కూడా కనబడుతుంది. అనుమానం వుంటే పొద్దున ప్రార్థన వేళ బడికి రండి. పిల్లల్ని పొట్టి నుంచి పొడుగు వరసన నిలబెడతాం. ముందు నిలబడే పిల్లలు యే గల్లీ నుంచి వచ్చారో, వెనక నిలబడే పిల్లలు యే వీధి నుంచి వచ్చారో చూడండి. వాళ్ల వయసు మాత్రం వొక్కటే. తరగతి వొక్కటే. తల్లి కడుపులో వున్నప్పటి నుంచీ అందిన తిండే వేరు.

బాబాసాహెబ్ అంబేద్కర్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా వుండి తయారుచేసిన రాజ్యాంగంలో 47వ అధికరణం వుంది. ప్రజల పోషణను, బతుకును మెరుగుపరచడం, ప్రజారోగ్యం బాగుచేయడం రాజ్యం ప్రథమ బాధ్యతల్లో వొకటి అని అది చెబుతుంది. మత్తుపానీయాలు అరికట్టాలని కూడా అందులోనే వుంది. పాలకులు ఈ అధికరణాన్ని యెట్లా చదివారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు సారా మీద లేచారు. కూలి డబ్బులు బువ్వకుండలోకి రాకుండా సారా దుకాణానికి పోతున్నాయని లేచారు. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని యెత్తేశారు. ఆడవాళ్లు చీపురు పట్టుకుంటే సర్కారుకు 47 గుర్తొచ్చింది, ఖజానా చూసుకోగానే మరుపొచ్చింది. అదే పాలకులకు పక్కనున్న 48వ అధికరణం మాత్రం, ఆవుల గురించి చెప్పేది, నిద్రలో లేపి అడిగినా నోటికొస్తుంది! మనిషి పోషణ 47, పశువు రక్షణ 48. అంకెల్లో మనిషే ముందున్నాడు. ఆచరణలో వెనకబడ్డాడు. చవగ్గా దొరికే బలమైన తిండి పెద్దకూర. దాన్ని మన నోటి దగ్గర నుంచి లాగేసే చట్టాలు చేస్తూనే, మీకు మాంసకృత్తులు తక్కువయ్యాయని మనకే పాఠం చెబుతారు.

యిక బడి అన్నం సంగతి. యిది యెవరి దయ వల్లా రాలేదు. 1920లో మద్రాసు నగర కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు అన్నం పెట్టింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే నేతపని కుటుంబంలో పుట్టినవాడు, బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుడు. బడికి రాని పేద పిల్లలు అన్నం పెడితే వస్తారన్నది ఆ ఆలోచన. 1956లో కామరాజ్ తమిళ నేలంతటా దాన్ని విస్తరించాడు. 1982లో ఎం.జి.ఆర్. మరింత పెద్దది చేశాడు. కేంద్రం 1995 ఆగస్టు 15న దేశమంతటికీ పథకం ప్రకటించింది. కానీ చాలా రాష్ట్రాల్లో అన్నం వండలేదు, హాజరు చూసి నెలకు మూడు కిలోల గింజలు సంచిలో పోశారు. ఆ సంచి యింటికి పోతే ఆరు నోళ్లు పంచుకున్నాయి.

2001లో గోదాముల్లో కోట్ల టన్నుల ధాన్యం మూలుగుతోంది. రాజస్థాన్‌లో కరువు, ఆకలి చావులు. పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పి.యు.సి.ఎల్., సుప్రీంకోర్టుకు పోయింది. ఆ యేడాది నవంబరు 28న కోర్టు తీర్పు యిచ్చింది: సర్కారు ప్రాథమిక బళ్లలో వండిన అన్నమే పెట్టాలి, యేడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి. అట్లా 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బళ్లలో పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చి ఆ అన్నాన్ని హక్కు చేసింది. 2021లో పథకం పేరు పి.ఎం. పోషణ్ అని మార్చారు. పేరు యేదైనా కానివ్వండి. మన పిల్ల పళ్లెంలో పడేది భిక్ష కాదు, చట్టం.

ఆ చట్టం యేం చెబుతుందో ప్రతి తల్లికీ నోటికి రావాలి. అయిదో తరగతి దాకా పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి యెనిమిది దాకా బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. లెక్క సులువు: చిన్న పిల్లలు యాభై మంది తింటే ఆ రోజు కుండలో కిలో పప్పు పడాలి, రెండున్నర కిలోల కూరగాయలు పడాలి. చారులో పప్పు వెతుక్కోవాల్సి వస్తే ఆ పప్పు యెక్కడో ఆగింది. 2015 నిబంధనల ప్రకారం యే రోజైనా అన్నం పెట్టకపోతే పిల్లకు బదులు భత్యం యివ్వాలి. వరసగా మూడు రోజులు, లేదా నెలలో అయిదు రోజులు పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలి, అందులో కనీసం వొక టీచరు వుండాలి. యిదంతా రాసి వుంది. అడిగేవాడే లేడు.

ఖర్చు కూడా చూడండి. 2025 మే నుంచి చిన్న తరగతుల పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకు 10 రూపాయల 17 పైసలు అని కేంద్రం లెక్క కట్టింది. బియ్యం విడిగా వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు కారం, గ్యాసు అన్నీ ఈ పైసల్లోనే. పట్నంలో వొక చాయ్ కూడా రాని డబ్బులకు దేశం తన పిల్లల రక్తం పెంచుతానంటోంది! ఆ బిల్లులన్నా నెల నెలా రావు. వంట చేసే అక్క కిరాణా కొట్లో ఖాతా పెట్టి, మెడలో గుండ్లు కుదువ పెట్టి కుండ దించకుండా నడుపుతోంది. 2009లో కేంద్రం వంట మనిషికి నెలకు 1000 రూపాయలు, అదీ యేడాదికి పది నెలలే అని నిర్ణయించింది. యేళ్ల తరబడి ఆ వెయ్యి కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు తమ వాటా కలిపి యిస్తున్నాయి. కలిపినా అది కూలి కూడా కాదు.

యిప్పుడు గరిటె దగ్గరికి వద్దాం. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. వంటవాళ్లను, సహాయకులను పెట్టేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం యివ్వాలని. కోర్టు ఆ మాట యెందుకు చెప్పాల్సి వచ్చింది? వూళ్లు చెప్పనియ్యకపోబట్టే. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లో 531 వూళ్ల సమాచారం పట్టుకుని 2005లో రాశారు. దళిత ఆడమనిషి వంటకు దిగితే అగ్రకుల తల్లిదండ్రులు అడ్డుపడటం, పిల్లల్ని వేరే కూర్చోబెట్టడం, రేషన్ షాపులో తూకం తగ్గించడం అందులో నమోదయ్యాయి. యిదంతా పాతకాలం అనుకుందామా? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో దళిత ఆడమనిషిని వంటకు పెడితే అగ్రకుల పిల్లలు తినమన్నారు. అధికారులు ఆమెనే తీసేశారు. దేశమంతా అడిగాక మళ్లీ తీసుకున్నారు.

మనదగ్గర అంత బాహాటంగా జరగదు, సన్నగా జరుగుతుంది. మాలో కొందరం పనిచేసిన వొక బడిలో మాదిగ అక్క వంటకు వచ్చిన నెలలోనే కొన్ని వీధుల పిల్లల చేతిలో టిఫిను డబ్బాలు కనబడటం మొదలైంది. అడిగితే "కారం పడట్లేదు సార్" అన్నారు. అంతకు ముందు అదే కారం పడింది! మేం గొడవ పెట్టుకోలేదు. టీచర్లమంతా పిల్లల వరసలోనే, నేల మీదే కూర్చుని, ఆ అక్క వడ్డించిన అన్నమే రోజూ తిన్నాం. తల్లిదండ్రుల మీటింగు పెట్టి, 2004 ఉత్తర్వు చదివి వినిపించాం. డబ్బాలు వొక్కొక్కటే తగ్గాయి. పూర్తిగా పోలేదు, తగ్గాయి. పిల్లల ఆకలికి కులం లేదు. యింట్లో పెద్దలు నేర్పితే తప్ప పిల్లలకు ఆ అసహ్యం రాదు. సర్కారు పోషణ పాఠాల్లో ఈ పాఠం యెక్కడా లేదేం?

గరిటెను వూరి నుంచే తీసేసే దారి వొకటి యీమధ్య బలపడింది. దూరాన వొక పెద్ద వంటశాల, అక్కడి నుంచి బండ్ల మీద అన్నం. పట్నాల్లో చోటు లేని బళ్లకోసం అని మొదలైన పద్ధతి పల్లెల దాకా వస్తోంది. శుభ్రం అంటారు, యంత్రాలు అంటారు. సరే. ఆ వంటశాలలు నడిపే కొన్ని పెద్ద సంస్థలు ఉల్లి, వెల్లుల్లి వేయవు, గుడ్డు ముట్టవు. యెవరి మడి అది? మన పిల్లల పళ్లెం మీద వాళ్ల మడి యెందుకు? పొయ్యి దూరం పోతే మన అక్కల పని పోతుంది. యేం వండారో చూసే కన్ను పోతుంది. ఉప్పు తక్కువైందని అడిగే నోరు పోతుంది. దళిత చేతి వంట తినని వూరికి యింతకన్నా సులువైన మందు యేముంది? పేచీ లేకుండా కులం గెలుస్తుంది.

గుడ్డు గురించి విడిగా చెప్పుకోవాలి. వొక గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు వుంటాయి. కల్తీ చేయడం కుదరదు. నీళ్లు కలపడం కుదరదు. సగం కాజేస్తే పిల్లకు వెంటనే తెలుస్తుంది. అందుకే పేదపిల్లకు అంతకన్నా నమ్మకమైన తిండి లేదు. అయినా 2015లో మధ్యప్రదేశ్‌లో మూడు జిల్లాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామంటే అప్పటి ముఖ్యమంత్రి వద్దన్నాడు. 2021 డిసెంబరులో కర్ణాటకలో మన సరిహద్దునున్న బీదరు, రాయచూరు వైపు జిల్లాల బళ్లలో గుడ్డు మొదలుపెడితే మఠాధిపతులు లేచారు. అప్పుడు కొప్పళ జిల్లా బడి ఆడపిల్లలు జవాబు చెప్పారు. గుడ్డు ఆపితే మీ మఠానికే వచ్చి తింటాం అన్నారు! మరుసటి యేడు ఆ రాష్ట్రమంతా గుడ్డు వచ్చింది. ఈ దేశం శాకాహార దేశం అని చెప్పేవాళ్లకు సర్కారు లెక్కే వుంది. 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో వందకు 98 మందికి పైగా మాంసం తింటామన్నారు. ఆంధ్రలోనూ అంతే. మిగిలిన వొకరిద్దరి మడి కోసం 98 మంది పిల్లల పళ్లెం ఖాళీ పెట్టాలా? తినని పిల్లకు అరటిపండు యివ్వండి. యెవరికీ పేచీ లేదు.

రేషన్ సంగతి కూడా అంతే. 1983లో యెన్టీ రామారావు రెండు రూపాయల కిలో బియ్యం యిచ్చాడు. కడుపులు నిండాయి, కాదనం. కానీ ఆ బియ్యం వెనకే జొన్న రొట్టె, గటక, అంబలి మన యిళ్లలోంచి మెల్లగా పోయాయి. 2013 చట్టం మనిషికి నెలకు అయిదు కిలోల గింజలు హామీ యిచ్చింది. పప్పు మాట అందులో లేదు, నూనె మాట లేదు. 2021 ఆగస్టు 15న రేషన్ బియ్యంలో ఇనుము కలిపి యిస్తామని ప్రధాని ప్రకటించాడు. బియ్యంలో ఇనుము కలపడానికి కంపెనీల యంత్రాలు దొరికాయి. అదే బియ్యం పక్కన గుప్పెడు కందిపప్పు పోయడానికి మాత్రం చట్టంలో చోటు దొరకలేదు.

దీనికి మనవాళ్లే దారి చూపారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసిన సంఘాల అక్కలు, యెక్కువమంది దళితులే, 1990లలో పడావు భూములు సాగుచేసి, జొన్నలు పండించి, వూళ్లోనే నిలవచేసి, పేదలకు తక్కువ ధరకు పంచారు. యే యింటికి యెంత అవసరమో వాళ్లే వూరి మధ్యన కూర్చుని తేల్చారు. గింజ వాళ్లది, కొలత వాళ్లది, నిర్ణయం వాళ్లది. 2023 చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటిస్తే ఢిల్లీ వాళ్లు ఆ గింజలకు శ్రీఅన్న అని పేరు పెట్టారు. మనం తిన్నన్నాళ్లూ అది మాలమాదిగల సంకటి. వాళ్లు తినగానే శ్రీ వచ్చి చేరింది! సూపర్ మార్కెట్లో ఆ కొర్రల ధర యిప్పుడు మన కూలికి అందదు.

మనలోనే కొందరు చదువుకున్న తమ్ముళ్లు అంటుంటారు, "మన పిల్లల చేతికి పలక కావాలి గానీ పళ్లెం యెందుకు? బడికి అన్నం కోసం పోతున్నామనే పేరెందుకు? ఇంగ్లీషు మీడియం అడుగుదాం" అని. ఆ మాటలో ఆత్మగౌరవం వుంది, మేం కాదనం. ఇంగ్లీషు చదువు కావాల్సిందే. కానీ పొద్దున్నుంచీ యేమీ తినని పిల్ల రెండో పీరియడుకే బల్ల మీద తల వాలుస్తుంది. ఆ తలకు యే భాషలో చెప్పినా యెక్కదు. ఈ మాట మేం పుస్తకంలో చదివి చెప్పడం లేదు, తరగతి గదిలో రోజూ చూసి చెబుతున్నాం. పైగా పక్కపక్కన కూర్చుని వొకే కుండ అన్నం తినడం చిన్న సంగతి కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్లు తాగింది దాహం కోసమేనా? ఆ చెరువు అందరిదీ అని చెప్పడానికి. బడి కుండ కూడా అంతే. అది మన వూళ్లలో యింకా గెలవాల్సిన చెరువు.

అక్కలారా, అన్నలారా, అందుకే మేం ఈ అయిదు పనులు ముందు పెడుతున్నాం.

వొకటి. మీ వూరి బడిలో, అంగన్‌వాడీలో వంటకు యెవరున్నారో చూడండి. మన పిల్లలు యెక్కువమంది వున్న బడిలో మన మనిషి లేకపోతే 2004 ఉత్తర్వు చూపించి అడగండి.

రెండు. నెలకు వొకసారి తల్లులు నలుగురు మధ్యాహ్నం బడికి పోయి అన్నం రుచి చూడండి. ఆ రోజు యెంతమంది తిన్నారు, కుండలో యెంత పప్పు పడింది అని లెక్క రాసుకోండి. స్కూలు కమిటీ మీటింగులో ఆ లెక్క చదవండి.

మూడు. పిల్లలు కలిసి కూర్చుంటున్నారో లేదో చూడండి. వేరు వరస కనబడితే అది నేరం. ఎంఈవోకు, కలెక్టరుకు రాతపూర్వకంగా యివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి.

నాలుగు. పొయ్యి వూరు దాటి పోనియ్యొద్దు. బయటి వంటశాలకు అప్పగిస్తామంటే గ్రామసభలో తీర్మానం చేయండి. వంట చేసే అక్కకు కనీస కూలి, నెల నెలా బిల్లు అడగండి. ఆమె అప్పుల పాలైతే ముందు పలచబడేది మన పిల్లల పప్పే.

అయిదు. రోజూ గుడ్డు, రేషన్‌లో పప్పు, మన నేల జొన్నలు అడగండి. వోటడగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ ముందు ఈ మాటే అడగండి.

పోషణ మాసం మళ్లీ వస్తుంది. మైకు మళ్లీ వస్తుంది. ఈసారి వాళ్లు చెప్పేది విని లేచి రాకండి. మైకు మీరు తీసుకుని, మా పిల్లలకు నిన్న పప్పు యెన్ని గ్రాములు పెట్టారో ముందు చెప్పండి అనండి. జవాబు చెప్పేదాకా కూర్చోండి.

జై భీమ్!